గీతల మామయ్య

సీడీ డిస్కు మీద గీత పడిందంటే వీధిలో ఎవరైనా గీతల మామయ్య ఇంటికే తెస్తారు. ఆయన భోజనాల బల్ల మీద పాత బనియను గుడ్డ పరిచి, డిస్కుని వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి చూస్తాడు. తర్వాత ఇంట్లో వాళ్ల టూత్‌పేస్టు రాసి, మధ్య నుంచి అంచుకి మెల్లగా రుద్దుతాడు. ఖాళీ ట్యూబు చూసి భార్య ఎంత సణిగినా ఆయన చెవిన పడదు.

మొన్న పక్కింటావిడ తన పెళ్లి వీడియో డిస్కు తెచ్చింది. సగంలో ఆగిపోతోందట. ఆవిడ అటు వెళ్లగానే భర్త ఇటు వచ్చాడు.

"మామయ్యగారూ, ఆ గీత నేనే పిన్నీసుతో పెట్టాను. అక్కడ నేను డాన్సు చేస్తూ బోర్లా పడ్డాను. దాన్ని మాత్రం వదిలేయండి," అని బతిమాలాడు.

మామయ్య సరేనన్నాడు. కానీ గీత కనపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. సాయంత్రం పక్కింట్లో, చుట్టాలందరి ముందూ, మామయ్యే డిస్కు వేస్తే, టీవీలో పెళ్లికొడుకు ఎక్కడా ఆగకుండా ఎగిరాడు, ఎక్కడా ఆగకుండా పడ్డాడు. భర్త తల దించుకునే మామయ్య వైపు కొరకొరా చూశాడు. భార్య మాత్రం కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"మీరలా పడ్డం చూశాకే కదండీ, మీరంటే నాకు భయం పోయింది. ఇన్నాళ్లూ ఆ ముక్క కోసమే డిస్కు పట్టుకు తిరుగుతున్నా," అంది.

భర్త కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మామయ్యగారూ, అక్కణ్నుంచి ఇంకోసారి వెయ్యండి," అన్నాడు.