నేను కుదించిన ఉత్తరం

మొన్న ఆఫీసులో డిస్పాచ్ గది పక్కనుంచి వెళ్తుంటే జిగురు వాసన తగిలింది. కాగితాలన్నీ కంప్యూటర్లోనే కదిలే ఈ రోజుల్లో ఆ వాసన అరుదు. ఒక్క నిమిషం నిలబడిపోయాను. సుబేదారు పెంచలయ్య గారు చెప్పింది రాసి, కవరు అంటించి, పోస్టులో వేసే పని ఒకప్పుడు మూడేళ్లు నాది. ఆ పని నేను ఎలా చేశానో ఆయనకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో మేము ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉండేవాళ్లం. మాది పై ఇల్లు. కింద ఆయన కూతురు, అల్లుడు. కడప దగ్గరి పల్లె నుంచి సైన్యంలో చేరిన ఆయన, రిటైరయ్యాక భార్య ఓబుళమ్మ గారితో కూతురి దగ్గరే ఉండిపోయారు. డెబ్బై దాటాక కళ్లు మందగించాయి. హిమాచల్‌లోని కాంగ్డా కొండల్లో ఆయనకు బల్‌దేవ్ అనే స్నేహితుడున్నాడు. అతనికి చెవులు సరిగ్గా వినబడవు, ఫోను పనికిరాదు. "కండ్లు లేనోడు నేను, చెవులు లేనోడు వాడు. మధ్యలో నువ్వుండాల నాయనా," అనేవారు. మీ అమ్మాయి రాయదా అని ఒకసారి అడిగాను. "అమ్మ సంగతులు బిడ్డతో యాడ రాయించేది? సిగ్గు గాదూ!"

ఆ ఇద్దరూ ఇరవై రెండేళ్ల వయసులో యుద్ధంలో పట్టుబడి, ఏడాదికి పైగా శత్రుదేశపు ఖైదీల శిబిరంలో గడిపారు. దెబ్బల గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చెప్పిందల్లా ఉత్తరాల గురించే. అక్కడి అధికారులు చదివాకే ఏ ఉత్తరమైనా బయటికి పోయేది. వాళ్లకు తెలుగు రాదు కనుక ఈయన రాసిన ఉత్తరాలు అక్కడే ఆగిపోయేవి. బల్‌దేవ్ ఉర్దూ చదువుకున్నవాడు. రాసిపెడతానన్నాడు. ఈయన చెప్పసాగారు: బాగున్నాను, తిండి పెడుతున్నారు, ఎద్దును అమ్మొద్దు. బల్‌దేవ్ కలం పక్కన పెట్టాడట. "అరే యార్, ఇది పెళ్లానికి ఉత్తరమా, ఠాణేదారుకు అర్జీయా?" అని, తనే ఒక వాక్యం కలిపాడు: సాయంత్రం ముళ్లకంచె మీద పిచ్చుకలు వాలితే నీ గాజుల చప్పుడు గుర్తొస్తుంది.

పల్లెలో ఉర్దూ వచ్చిన ఒకే ఒక్క మనిషి దర్జీ మస్తాను సాయిబు. మిషను ఆపి, చుట్టూ ఉన్నవాళ్లు వింటుండగా ఆ వాక్యం తెలుగులో చెప్పాడట. ఓబుళమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పారిపోయారట. జవాబు మళ్లీ సాయిబే ఉర్దూలో రాశాడు. చివర ఆమె ఒక మాట అడిగించింది: ఈ ఉత్తరం రాసే అన్న అన్నం తింటున్నాడా?

బల్‌దేవ్‌కు ఇంటి దగ్గర ఎవరూ లేరు. ఆ ఒక్క ప్రశ్నను అతను మడతలు చిరిగేదాకా చదువుకున్నాడు. చలికాలంలో విరేచనాలు పట్టుకుని, తిండి మానేసి గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడు పెంచలయ్య గారు అన్నారట: "నువ్వు సస్తే నా పెండ్లానికి జవాబు ఎవడు రాస్తాడ్రా? లెయ్!" అతను లేచి గంజి తాగాడు.

విడుదలై ఇంటికి వెళ్లాక, ఆ పిచ్చుకల మాట తనది కాదని ఈయన భార్యతో చెప్పేశారు. "తెలుసులే. నీ నోట్లో అట్లాంటి మాటలు యాడుండాయి?" అందట ఆవిడ. అప్పటినుంచి ఆమెకు బల్‌దేవ్ అన్నే.

ఇలాంటి మనుషుల మధ్య నేను రాయసకాణ్ణి. ఆఫీసులో నాకు మంచి డ్రాఫ్టింగ్ చేస్తాడని పేరు. మూడు పేజీల విషయాన్ని నాలుగు వాక్యాల్లోకి తేవడమే నా ప్రతిభ. ఆయన గంట చెబితే, నేను తల ఊపుతూ సారాంశం హిందీలో రాసేవాణ్ణి. ఆయన చూడలేరు కదా. ఓబుళమ్మ గారు ఆసుపత్రిలో చనిపోయిన నెల రోజులకు ఆయన బల్‌దేవ్‌కు రాయించిన ఉత్తరం చాలా పొడవైనది. అది ఉదయం, నాకు ఆఫీసుకు ఆలస్యమవుతోంది. నేను రాసింది ఇంతే: నా భార్య గత నెల కాలం చేసింది. చివరి రోజుల్లో ఎక్కువ బాధపడలేదు. నేను బాగున్నాను. నీ ఆరోగ్యం జాగ్రత్త.

అయిదు నెలలు జవాబు లేదు. "వానికేమన్నా అయిందేమో కనుక్కో నాయనా," అని ఆయన రోజూ మెట్ల దగ్గర అడిగేవారు. చివరికి ఉత్తరం వచ్చింది. చదివి వినిపించడానికి కూర్చున్నాను. "పెంచల్, భాభీ పోయిన సంగతి పరాయివాడికి రాసినట్టు రాశావు. ఆమెకు నా మాటలు రాశానన్న కోపం ఇన్నేళ్లు మనసులో దాచుకున్నావా? తప్పు నాదే. ఇక నిన్ను ఇబ్బంది పెట్టను."

ఆ వాక్యాలను దాటవేసి చదవాలని నిజంగానే అనిపించింది. చదివేశాను.

ఆయన నా వైపు తిరిగారు. "అంతసేపు చెప్తిని గదా. ఏం రాసినావు నాయనా?"

చెప్పాను, మూడేళ్లుగా చేస్తున్నదంతా. తిడతారనుకున్నాను. "కాగితం తీసుకో" అన్నారు.

ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. ఆయన చెప్పిన ప్రతి మాటా రాశాను, దగ్గు వచ్చి ఆగితే ఆగాను. ఆసుపత్రి సంగతుల దగ్గరికి వచ్చేసరికి ఆయన తడబడ్డారు. "అన్నకు చెప్పమని ఒక మాట చెప్పింది ఓబుళమ్మ. ఆ పొద్దు నీకు చెప్పినాను. ఏమది?"

నాకు గుర్తు లేదు. ఆ ఉదయం ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు నేను గడియారం చూసుకోవడం మాత్రం గుర్తుంది.

"నాకూ తట్టడం లే," అన్నారు ఆయన. "ఏదో చెప్పిందని రాయి. మరిసిపోయినామని రాయి."

మూడు వారాలకు బల్‌దేవ్ స్వయంగా ఢిల్లీ వచ్చాడు. గుమ్మంలోనే ఇద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని నిలబడ్డారు. టీ తాగాక, భాభీ ఏమందని అతను అడిగాడు. పెంచలయ్య గారు అతని చెవిలో అరిచి చెప్పారు, గుర్తు లేదని. అతను నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. వాళ్లిద్దరూ నన్ను ఒక్క మాటా అనలేదు. సాయంత్రం దాకా పాత సంగతులు అరుచుకుంటూ నవ్వుకున్నారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇంటికి ఎవరైనా వచ్చి ఏదైనా చెబుతుంటే ఫోను పక్కన పెట్టి వింటున్నాను. అది మంచితనం కాదు, భయం. ఓబుళమ్మ గారి ఆఖరి మాట విన్నవాళ్లం ఇద్దరమే. ఆయనకు వయసు మీద పడింది, మరిచిపోయారు. నాకు అప్పుడు ముప్పై నాలుగేళ్లు, చేతిలో కలం ఉంది.