ధన్‌బహదూర్ బెల్ట్ పట్టుకున్న చెయ్యి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. కాకినాడలో ఫిజియోథెరపీ చదివే రోజుల్లో అనాటమీ హాల్లో శవాల పక్కన ఉదయమంతా గడిపి, చేతులు కడుక్కుని వచ్చి పెరుగన్నం తిన్నదాన్ని. అమెరికా వచ్చాక పని చేసినవన్నీ హాస్పిటళ్ళే. చావులు చూశాను. చచ్చినవాళ్ళెవరూ నాకు మళ్ళీ కనిపించలేదు. అందుకే ఈ ఒక్క సంగతి చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది.

2012 చలికాలం. టెక్సస్‌లో, ఇర్వింగ్ దగ్గర ఒక రిహాబ్ హాస్పిటల్‌లో ఉన్నాను. స్ట్రోక్ వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన ఒక నేపాలీ పేషెంట్‌ని, హిందీ వచ్చు కదా అని నాకు అప్పగించారు. అతన్ని ధన్‌బహదూర్ అంటాను, అసలు పేరు అది కాదు. నలభై దాటాయి. గ్యాస్ స్టేషన్‌లో పని చేసేవాడు. నన్ను 'బహినీ' అని పిలిచేవాడు, వాళ్ళ భాషలో చెల్లెమ్మ అని.

చాలా నెమ్మదైన మనిషి. నడిపిద్దామని లేపితే మాత్రం వణికిపోయేవాడు. మేము పేషెంట్ నడుముకి వెడల్పాటి గుడ్డ బెల్ట్ బిగించి, వెనక నుంచి దాని కింద వేళ్ళు దూర్చి పట్టుకుని నడిపిస్తాం. నా వేళ్ళు అలా తగలగానే అతను కుర్చీలో కూలబడేవాడు.

అలాగే ఉంటే ఇంటికి పంపరు, నర్సింగ్ హోమ్‌కి పంపుతారు. భార్య మీనా రెస్టారెంట్ కిచెన్‌లో పని చేస్తుంది. ఆవిడ ఒక్కతే అతన్ని ఎత్తి దించలేదు. ఆ మాటే అతనికి చెప్పాను.

"వెనక నుంచి పట్టుకోకు చెల్లెమ్మా," అన్నాడు. "ముందు నుంచి పట్టుకో. నడుస్తాను."

ఎందుకని అడిగితే, ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని చెప్పాడు.

నేపాల్‌లో అంతర్యుద్ధం జరిగే రోజుల్లో అతను సిపాయి. కొండ మీద వాళ్ళ పోస్టు మీద తిరుగుబాటుదారులు దాడి చేసి, అతన్నీ గోపాల్ అనే తోటి సిపాయినీ పట్టుకుపోయారు. పై ఊళ్ళో ఒక పశువుల కొట్టంలో పడేశారు. పేలుడులో గోపాల్ కళ్ళు దెబ్బతిన్నాయి. ఒంట్లో ఇంకెక్కడ గాయాలున్నాయో అతను చెప్పలేదు, ఇతను చూడలేదు.

ఒక తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్మింది. కాపలావాళ్ళ మాటలు కొట్టం ముందు నుంచి దూరంగా వెళ్ళిపోయాయి. వెనక గోడలో ఒక పలక వదులై ఉంది.

"నువ్వు ముందు దూరు. నాకు కనిపించదు కదా, నీ బెల్ట్ పట్టుకుని వస్తాను," అన్నాడు గోపాల్.

ధన్‌బహదూర్ దూరాడు. నడుము దగ్గర లాగినట్టయింది. పట్టుకున్నాడనుకుని కొండ దిగడం మొదలుపెట్టాడు. మాట్లాడితే వినిపిస్తుందని మాట్లాడలేదు. తను జారినప్పుడల్లా వెనక నుంచి ఆ చెయ్యి ఆపింది. కింద వాగు దాటి అవతలి గట్టు ఎక్కాక చూసుకుంటే బెల్ట్ వదులుగా ఉంది.

"తిరిగి చూడలేదు చెల్లెమ్మా. వాగులో కొట్టుకుపోయాడనుకున్నాను. వెతకలేదు. పరుగెత్తాను."

యుద్ధం ముగిశాక ఆ ఊరి మనిషొకడు ఇంకో మాట చెప్పాడట. గోపాల్ శవం కొట్టంలోనే, గోడకి ఆనుకుని దొరికిందట. బయటికి రానేలేదట.

"అతను రాకపోతే నా బెల్ట్ పట్టుకున్నదెవరు? వచ్చి ఉంటే, నీళ్ళలో నేను వదిలేసింది ఎవర్ని?"

మర్నాటి నుంచి ముందు నిలబడి చేతులు పట్టుకుని నడిపించాను. కొంచెం కుదిరింది. కానీ ముందు నుంచి పట్టుకుంటే ఒరిగినప్పుడు ఆపలేం, అలా ఎన్నాళ్ళో సాగదు. ఒకరోజు పేషెంట్ల భోజనాలయ్యాక, అతన్ని ఒప్పించి కారిడార్‌లో మళ్ళీ వెనక నుంచి బెల్ట్ పట్టుకున్నాను. కిటికీల నిండా ఎండ. మేమిద్దరమే ఉన్నాం.

నాలుగడుగులు వేశాడు. నా కాలు సెలైన్ స్టాండ్ చక్రానికి తగిలింది. బెల్ట్ చేతిలోంచి జారిపోయింది, నేను మోకాళ్ళ మీద పడ్డాను. తలెత్తేసరికి అతను ఎడమ పక్కకి ఒరిగిపోతున్నాడు. నాకు అందడు.

పడలేదు. ఒరుగుతున్నవాడు మధ్యలో ఆగి మెల్లగా నిటారయ్యాడు. అతని వీపు దగ్గర బెల్ట్, వేళ్ళు దూర్చి పట్టుకున్నప్పుడు ఉన్నట్టే, పిడికిలి పట్టేంత దూరం లేచి బిగుసుకుని ఉంది. నా చేతులు రెండూ నేల మీద ఉన్నాయి.

అతను అలాగే నడిచి, చివర ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడే చూశాడు, నేను ఎంత వెనక ఉన్నానో. భయపడలేదు. మొహానికి కుడి చెయ్యి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వరంగల్ నుంచి వచ్చిన సునీత నా తోటి థెరపిస్ట్. ఆమెకొక్కదానికే చెప్పాను.

"కండరాలు బిగుసుకుని నిలబడ్డడేమోనే. పొద్దటి నుంచి ఏం తినకుండా తిరుగుతున్నవ్, నీకే కళ్ళు తిరిగినయేమో," అంది. అయ్యుండొచ్చు. కండరాలు మనిషిని నిలబెట్టగలవు. బెల్ట్‌ని మాత్రం వెనక్కి లాగలేవు.

ధన్‌బహదూర్ ఇంటికి వెళ్ళే ముందురోజు సాయంత్రం, మీనా చేత గోపాల్ తల్లికి ఫోన్ చేయించాడు. అన్నేళ్ళలో ఆవిడతో ఒక్కసారి కూడా మాట్లాడలేదట. నన్నూ ఉండమన్నాడు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే మీనా నాకు హిందీలో మెల్లగా చెబుతోంది.

అతను జరిగిందంతా చెప్పాడు, వాగు సంగతి కూడా. తర్వాత ఆ తల్లి ఒక్కటే అడిగింది.

"ఆ రోజు వాడేమైనా తిన్నాడా బాబూ?"

"తిన్నాడమ్మా. వేయించిన మొక్కజొన్న గింజలు ఇద్దరం పంచుకున్నాం. ఎక్కువ వాడికే ఇచ్చాను."

ఫోన్ పెట్టేశాక మీనా నాతో పాటు లిఫ్ట్ దాకా వచ్చింది. పట్టుబడ్డ నాటి నుంచి వాళ్ళకి అక్కడ మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదని, ఆ మాట తనకి పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడని అంది.

మరుసటి ఏడాది రెండోసారి స్ట్రోక్ వచ్చి అతను పోయాడు. ఈ వృత్తిలో నేను చదివినదంతా తిరగేసి చూశాను. పెద్ద డాక్టర్లని, నా సంగతని చెప్పకుండా, అడిగి చూశాను. ఆ మధ్యాహ్నం కారిడార్‌లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఎవరైనా లేవని గట్టిగా అంటే మాత్రం, మునుపటిలా వంత పాడలేకపోతున్నాను.