శంషాబాద్ అడ్డాలో స్కాట్లాండ్ ఓటు

మా అన్న మల్లేశ్వర్‌ను తిట్టుకోకుండా నాకు ఒక్క రోజు కూడా గడవదు. శంషాబాద్ బస్టాండు పక్కన ఆటో అడ్డా దగ్గర నాకు టిఫిన్ బండి ఉంది. ఆయన ఆటో ఆ బండికి నాలుగడుగుల దూరంలో ఆగుతుంది. కాబట్టి పొద్దున్నుంచి ఆయన చెప్పే స్కాట్లాండ్ సంగతులన్నీ ముందు నా చెవిలోనే పడతాయి. ఇడ్లీ వాయి దించుతుంటే స్కాట్లాండ్, చట్నీకి తాలింపు వేస్తుంటే స్కాట్లాండ్. నేను ఆ దేశం చూడలేదు, చూడను కూడా. కానీ లండన్ పార్లమెంటులో దానికి ఎన్ని సీట్లున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. యాభై తొమ్మిది ఉండేవి, ఈమధ్య యాభై ఏడయ్యాయి. ఏం చెప్పి ఏడవను?

మా అన్నకు యాభై ఆరేళ్ళు. విమానాశ్రయం రాకముందు కౌలుకు జొన్న వేసేవాడు. వచ్చాక ఆటో కొన్నాడు. ఉద్యమం నడిచినన్నాళ్ళూ ఆటో కన్నా రోడ్డు మీదే ఎక్కువ ఉన్నాడు. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చింది. హమ్మయ్య, ఇక ఈ మనిషి ఇంటి పట్టున ఉంటాడనుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే, విమానాశ్రయంలో ఏదో యంత్రం బిగించడానికి వచ్చిన ఒక తెల్లాయన ఇక్కడి లాడ్జిలో దిగి, రోజూ మా అన్న ఆటో ఎక్కడం మొదలుపెట్టాడు. ఆయనది గ్లాస్గో అట. మా స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని సెప్టెంబరు పద్దెనిమిదిన ఓటు పెడుతున్నారు, అలెక్స్ సాల్మండ్ అనే నాయకుడు ఏళ్ళ తరబడి ఆ మాటే పట్టుకుని అక్కడిదాకా తెచ్చాడు అని చెప్పాడట. వచ్చీరాని ఇంగ్లీషులో మా అన్నకు ఎంత అర్థమైందో తెలియదు. ఎక్కడో చలిదేశంలో మనలాగే ఇంకొకళ్ళు వేరు కావాలంటున్నారన్నది మాత్రం గట్టిగా అర్థమైంది. ఆ రోజు నుంచి సాల్మండ్ మా ఇంటి చుట్టమైపోయాడు. బాలాపూర్ గణేశుడి దగ్గరికి పోయి స్కాట్లాండ్ పేరు మీద కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చాడు మా అన్న.

వాళ్ళు ఓడిపోయారు. వద్దన్నవాళ్ళు నూటికి యాభై ఐదు, కావాలన్నవాళ్ళు నలభై ఐదు. సాల్మండ్ మరునాడే కుర్చీ దిగిపోతానని చెప్పాడు. ఇక్కడ మా అన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు.

“ఓడిపోయింది గాయననా, నువ్వా?” అని అరిచాను.

“నీకు సమజ్‌గాదు చెల్లె,” అన్నాడు. నాకు నిజంగానే సమజ్ కాలేదు.

మరుసటి మే నెలలో బ్రిటన్‌లో పెద్ద ఎన్నికలు వచ్చాయి. ఓడిపోయిన సాల్మండ్ పార్టీకే స్కాట్లాండ్‌లో యాభై తొమ్మిదికి యాభై ఆరు సీట్లు వచ్చాయి. నా బండి ముందు పటాకుల లడి పేలింది. ఎవరి పెళ్ళి అని పక్క పంక్చర్ షాపాయన అడిగాడు. ఆ ఎన్నికల్లో అక్కడి ఒక పార్టీ వేసిన పోస్టర్‌ను మా అన్న ఫోనులో సంపాదించి, లామినేషన్ చేయించి, ఆటోలో సీటు వెనక అంటించాడు. ప్రధాని కావాలనుకుంటున్న వేరే పార్టీ నాయకుడు సాల్మండ్ కోటు జేబులో బుల్లి బొమ్మలా నిలబడి ఉంటాడు. అది చూసి భయపడే ఇంగ్లండ్ వాళ్ళు ఆ నాయకుడికి గుద్దాల్సిన ఓట్లు పోస్టర్ వేసిన పార్టీకి గుద్దారని మా అన్న సిద్ధాంతం. ఎక్కిన ప్రతి సవారీకీ ఆరాంఘర్ దాకా అదే పాఠం. ఇది ఏ సినిమా అని అడిగిన వాళ్ళను మాత్రం దింపేసినంత పని చేసేవాడు.

ఇంతవరకూ పిచ్చి ఆయనకే పరిమితం. మా అందరి మెడకూ చుట్టుకుంది మొన్న 2024లో.

శంషాబాద్, ఆరాంఘర్ మధ్య తిరిగే షేర్ ఆటోలకు సంఘం ఆరాంఘర్‌లో ఉంది. ఎవరి తర్వాత ఎవరు సవారీ నింపుకోవాలో ఆ నంబర్లు తెల్లవారుజామున అక్కడే రాస్తారు. మనిషి స్వయంగా వెళ్ళి నిలబడాలి. అంటే మా శంషాబాద్ వాళ్ళు ఐదింటికి ఖాళీ ఆటో తోలుకుంటూ అంత దూరం పోయి, లైనులో నిలబడి, నంబరు రాయించుకుని మళ్ళీ ఖాళీగా రావాలి. అందరికన్నా ఎక్కువ కష్టం బద్రుద్దీనన్నకు. ఇరవై ఏడేళ్ళుగా మా అడ్డాలో ఆటో పెడుతున్నాడు. ఉద్యమంలో ఆరాంఘర్ దగ్గర రాస్తారోకో చేస్తుంటే, మా అన్న మీదికి వచ్చిన లాఠీకి అడ్డం దూకి మోకాలి మీద తిన్నాడు. ఆ మోకాలు ఇప్పుడు గంటసేపు నిలబడనివ్వదు. శంషాబాద్‌కు వేరే అడ్డా, వేరే నంబర్లు కావాలని మా అన్న మొదలుపెట్టింది బద్రుద్దీనన్న కోసమే. మా అడ్డాకు అధ్యక్షుడు కాబట్టి అడగాల్సిన బాధ్యతా ఆయనదే.

సంఘం పెద్ద గోపయ్య మంచివాడు. తనే నా బండి దగ్గరికి వచ్చి, దోసె తింటూ, “మల్లేశన్నా, మీకు ఏరే గావాల్నంటే తీస్కోరి. నాకేం పంచాయితి లేదు. ఒక కాయితం రాసుకరా, సంతకం పెడ్త,” అన్నాడు.

అక్కడితో పని అయిపోయింది. ఎవరైనా అయిపోయిందనే అనుకుంటారు.

“కాయితం వద్దు, ఓటు పెడ్త,” అన్నాడు మా అన్న.

“ఇస్తనంటే తీస్కోక, ఓటేంది అన్నా? మతి ఉన్నదా నీకు?”

“గట్ల తీస్కుంటే రేపు ఎవడన్న ‘నన్ను ఎవలడిగిన్రు’ అంటడు. తెలంగాణ ఇచ్చిన్నాడు గదే అన్నరు, పార్లమెంటు తలుపులు మూసి ఇచ్చిన్రని. పదేండ్లయినా ఇంక అంటనే ఉన్నరు. స్కాట్లాండ్‌ల ఓడిపోయిన్రు గని, మమ్ముల అడగలేదని ఒక్కడు అన్నడా? మనిషి మనిషిని అడగాలె చెల్లె.”

ఆ మాటలో న్యాయం లేదనను. కానీ తన కోసం లాఠీ తిన్న స్నేహితుడి మోకాలు నొప్పి పెడుతుంటే న్యాయం వారం రోజులు ఆగితే ఏమవుతుంది?

సెప్టెంబరు పద్దెనిమిదే ముహూర్తం. అక్కడ ఓటు వేసి సరిగ్గా పదేళ్ళు. ఇక్కడ గణేశ్ నిమజ్జనం మరునాడు. ఓటెవరికి ఉండాలన్నది కూడా స్కాట్లాండ్ చూసే రాశాడు. అక్కడ పుట్టి లండన్‌లో ఉంటున్నవాళ్ళకు ఓటు ఇవ్వలేదట. మన దేశం నుంచి పోయి అక్కడ కాపురం ఉంటున్నవాళ్ళకు ఇచ్చారట. అందుకని గడిచిన నెలలో మా అడ్డాలో ఎవరు ఆటో పెట్టారో వాళ్ళకే ఓటన్నాడు. మధ్యాహ్నం ఎండకు ఆటో నీడన ఆపుకుని నా దగ్గర తినిపోయే ఆరాంఘర్ వాళ్ళు ఆరుగురు లిస్టులోకి వచ్చేశారు. బద్రుద్దీనన్న పేరు లేదు. ఆయన భార్య బిల్కీస్‌కు కంటి ఆపరేషన్ అయితే, మంఖాల్‌లో ఉన్న కూతురింట్లో నెలన్నరగా ఉంటూ ఆటో అక్కడే నడుపుతున్నాడు.

ఆయనే ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టి మాట్లాడాడు మా అన్న.

“మల్లేశ్, నా ఓటు ఎన్ని గంటలకు ఎయ్యాలె భాయ్?”

“నువ్వు మంఖాల్‌ల ఉన్నవ్ గద బద్రూ. లిస్టుల లేవు. రూల్ అంటే రూల్.”

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. నేను తల బాదుకున్నాను. “నీ రూలు మన్నుల గలువ! ఎవల కోసం పెడ్తున్నవ్ ఈ ఓటు?” అన్నాను. వినిపించుకోలేదు. పైగా నా చక్కెర డబ్బా ఖాళీ చేయించి, మూత మీద కత్తితో చీలిక కోసి, దాన్ని ఓటు పెట్టె చేశాడు.

ఆ పొద్దున సగం మంది జుట్టులో గులాలుతో, నిద్రకళ్ళతో వచ్చి ఓటేశారు. నా బేరం గంగలో కలిసింది. పదింటికి డబ్బా బోర్లించి, గోపయ్య ఎదుటే లెక్కపెట్టారు. నలభై చీటీలు. వేరు కావాలన్నవి పద్దెనిమిది, వద్దన్నవి ఇరవై రెండు. మావాళ్ళలోనే పదహారు మంది, విడిపోతే ఆరాంఘర్ సవారీలు పోతాయేమోనని భయపడ్డారు. పైన ఆ ఆరుగురు. వాళ్ళను లిస్టులో పెట్టకపోతే గెలిచేవాళ్ళం.

నేను మా అన్న ముఖం చూశాను. ఏడుస్తాడనుకున్నాను. ఫోను తీసి ఏదో లెక్క కట్టాడు. ఆ ముఖం వెలిగిపోయింది.

“చెల్లె, సరిగ్గ యాభై ఐదు, నలభై ఐదు! స్కాట్లాండ్ లెక్కనే!”

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. చేతిలో వేడి పెనం ఉన్నా దేవుడు రక్షించాడు, ఆయన్ని.

అక్కడితో ఆగలేదు. మరునాడే అడ్డా పదవికి రాజీనామా రాసి గోపయ్య చేతిలో పెట్టాడు. సాల్మండ్ చేశాడు కాబట్టి చేయాలట. ఉద్యమంలో మన నాయకులు రాజీనామా చేసి మళ్ళీ గెలిచినట్టు తననూ జనం పిలిచి నిలబెడతారని లోపల ఆశ కూడా ఉంది. గోపయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “మంచిదన్నా,” అన్నాడు. ఎవరూ పిలవలేదు.

వారం తర్వాత బద్రుద్దీనన్న మంఖాల్ నుంచి వచ్చాడు. తెల్లవారుజామున ఆరాంఘర్‌లో నిలబడి, నంబరు రాయించుకుని, కుంటుకుంటూ నా బండి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మా అన్న చాయ్ గ్లాసు అందించబోతే తీసుకోలేదు.

“మల్లేశ్, ఒక్క మాట అడుగుత. ఆరాంఘర్‌ల లాఠీ పడ్డనాడు, నీ ఆటో ఏడ పెడ్తున్నవని నన్ను అడిగినవా?”

పదేళ్ళలో మొదటిసారి మా అన్నకు స్కాట్లాండ్ నుంచి ఏ ఉదాహరణా దొరకలేదు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇద్దరి ఆటోలూ పక్కపక్కనే ఉండేవి. మధ్యలో నేను.

దసరా వచ్చింది. ఏటా జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెట్టి, మా అన్న మొదట కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకునేది బద్రుద్దీనన్నతోనే, తర్వాతే మా అందరితో. ఈసారి జమ్మి చొక్కా జేబులో పెట్టుకుని వాళ్ళ గల్లీ మొదటిదాకా రెండుసార్లు పోయి తిరిగొచ్చాడు.

“పోయి ఇచ్చిరారాదె, కాళ్ళు అరుగుతయా?” అన్నాను.

“ఏ మొఖం పెట్టుకొని పోవాలె?” అన్నాడు.

మరునాడు పొద్దున ఫోను చూసుకుంటూ ఆటోలోనే కూలబడ్డాడు. దసరా రోజునే సాల్మండ్ పోయాడట. ఏదో వేరే దేశంలో సభకు వెళ్ళి, మాట్లాడి, అక్కడే ఉన్నట్టుండి కుప్పకూలాడట. చివరికి సొంత పార్టీ కూడా విడిచి, వేరే పార్టీ పెట్టి, అందులోనూ గెలవలేదు పాపం. అడ్డాలో వాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ముఖం చూడని మనిషి కోసం ఇక్కడ ఈయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

బద్రుద్దీనన్న తన ఆటో దిగాడు. మోకాలు పట్టుకుని మెల్లగా వచ్చి, మా అన్న పక్కన వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంట్లో చావైతే పరామర్శకు వచ్చి కూర్చున్నట్టే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మీ పెద్దాయన పోయిండట గద.”

“పోయిండు బద్రూ.”

“ఎంత ఉంటది వయసు?”

“అరవై తొమ్మిది.”

“పెద్ద వయసేం గాదు యార్,” అన్నాడు బద్రుద్దీనన్న.

మా అన్న జేబులోంచి వాడిపోయిన జమ్మి తీసి ఆయన చేతిలో పెట్టాడు. “తప్పయింది,” అన్నాడు. సీటు వెనక అంటించిన ఆ బుల్లి బొమ్మ పోస్టరుకు ఆనుకుని ఇద్దరూ అలాయ్ బలాయ్ తీసుకున్నారు. మా అన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. అది సాల్మండ్ కోసం కాదని నాకు తెలుసు.

అప్పటి నుంచి బద్రుద్దీనన్న తెల్లవారుజామున ఆరాంఘర్ పోవడం లేదు. మా అన్న పోయి నిలబడి తన పేరు రాయించుకుని, వచ్చి ఆ నంబరు ఆయనకు ఇస్తాడు. తను అందరి సవారీలు నిండాక ఆఖరున బయలుదేరుతాడు. ఆ ఆఖరి ఆటోలో ఎక్కినవాళ్ళకు స్కాట్లాండ్ పాఠం తప్పదు.

మొన్న గోపయ్య మళ్ళీ వచ్చాడు. రోజూ మా అన్నను లైనులో చూసి జాలేసిందో ఏమో. “ఇప్పుడన్న కాయితం ఇయ్యి అన్నా, సంతకం పెడ్త,” అన్నాడు. మా అన్న బద్రుద్దీనన్న వైపు చూశాడు. తీసుకో, ఈసారన్నా నోరు మూసుకుని తీసుకో అని మనసులో మొత్తుకున్నాను.

“కాయితమొద్దు గోపయ్యా,” అన్నాడు బద్రుద్దీనన్న. “అందర్నీ అడుగుదాం. గని ఈపాలి లిస్టు నేన్రాస్త.”

ఒకరికి ఇద్దరయ్యారు. నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, చక్కెర వేరే గిన్నెలో పోసి, చీలిక ఉన్న ఆ డబ్బా కడిగి ఎండలో బోర్లించాను.