పడవ తాడుకు నల్ల పైపు

కువైట్‌లో నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ పడవ కొన్నాడు. కొన్న రోజే నన్ను పిలిచి, "కారు నడుపుతావు కదా, ఇక దీన్నీ నువ్వే చూసుకో" అన్నాడు. నేను వాళ్ల ఇంటి డ్రైవర్ని. చెరువు కూడా ఎండిపోయే ఊరు నాది, ఈత రాదు. "దీనికి గీత పడిందా, ఖలాస్, ఊరికి పో" అని కూడా చెప్పాడు. ఇంటి దగ్గర నలుగురు ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు మీదే బతుకుతున్నారు కాబట్టి, సముద్రం మీద నాకు అప్పటికప్పుడే శ్రద్ధ పుట్టుకొచ్చింది.

ఆ పడవ సముద్రంలోకి పోయింది బహు తక్కువ. శుక్రవారం వస్తే స్నేహితులు అందులో కూర్చుని ఖర్జూరాలు తిని, గహ్వా కాఫీ తాగి, ఫోటోలు దిగి పోయేవాళ్లు. కదలని పడవకు ఉన్న పని ఒక్కటే, కట్టేసి ఉండటం. ఆ పనంతా చేసేది తాడు. దాని మొహం చూసినవాడు లేడు.

నాకు తాళ్ల సంగతి తెలుసు. కువైట్‌కు రాకముందు మదనపల్లె నుంచి టమాటా లారీ తోలాను. లోడు తాడు తెగేది ముడి దగ్గర కాదు, ఇనుప అంచుకు ఒరుసుకునే చోట. అక్కడ పాత టైరు ముక్క పెట్టేవాళ్లం. ఇక్కడ అలలకు పడవ ఊగినప్పుడల్లా అంచున ఉన్న స్టీలు కన్నంలో తాడు ఒరుసుకుని, నెలకే పీచు లేచింది. కొత్త తాడు కట్టి, అల్ రాయ్‌లో ఒక మెకానిక్కు దగ్గర నల్ల రబ్బరు పైపు ముక్క అడిగి తెచ్చి, నిలువునా చీల్చి తొడిగాను.

శుక్రవారం కఫీల్ చూసి ముఖం చిట్లించాడు. "తియ్యి దాన్ని. ఇది పడవా, సులైబియా గోడౌనా?" తీశాను. వాళ్లు పోయాక మళ్లీ తొడిగాను. అప్పట్నుంచి నెలల తరబడి అదే తంతు.

మరీనా కాపలాదారు కోనసీమ మనిషి. "ఏంటండీ బాబూ, చంటిపిల్లాడికి చొక్కా మార్చినట్టు తాడుకి ఈ సేవలేంటండీ?" అని నవ్వేవాడు.

"ఏం జేసేదన్నా, మా బాబాకు అందం కావాల, నాకు ఉద్యోగం కావాల" అనేవాణ్ణి. కఫీల్‌ను మేం బాబా అనే పిలుస్తాం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం దుమ్ము గాలి లేచింది. అతిథులు ముక్కులు మూసుకుని కారెక్కేశారు. "బాబా, అయిదు నిమిషాలు, పైపు తొడిగొస్తా" అని బతిమాలాను. "యల్లా, యల్లా, బండి తియ్యి!" అన్నాడు. ఆ అతిథుల్లో ఒకాయన ఫామ్ వఫ్రాలో ఉంది. ఆయన్ను అంతదూరం దింపి తిరిగొచ్చేసరికి ముందు తాడు తెగిపోయి, పడవ జెట్టీకి కొట్టుకుంటోంది. కాపలాదారు ఇంకో తాడేసి ఆపాడు గానీ, జానెడు గీత పడనే పడింది.

కఫీల్ తిట్టలేదు, పొమ్మనీ అనలేదు. వారం రోజులు ఆ గీతనే చూసుకున్నాడు, అంతే. తర్వాత తెల్లటి తోలుతో తొడుగు కుట్టించి, స్వయంగా తాడుకు వేసి, స్నేహితులందరికీ చూపించాడు. "నేను కనిపెట్టాను. ఈ డ్రైవరు ఒట్టి తాడు కట్టి పడవను పోగొట్టేవాడే" అన్నాడు.

ఒకాయన నావైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగాడు. ఆ నెలలోనే నా ఇఖామా రెన్యువల్. కఫీల్ సరే అంటేనే అయ్యేది.

"నిజమే బాబా, నాకు తెలీదు" అన్నాను. లారీ తోలిన నా నోటితోనే ఆ మాట అన్నందుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

రెన్యువల్ అయింది. ఆ జవాబు ఆయనకు ఎంత నచ్చిందంటే, ఇప్పుడు కొత్త అతిథి వచ్చిన ప్రతి శుక్రవారం నన్ను పిలిచి మళ్లీ చెప్పిస్తున్నాడు.