బొట్టు లేని ఏడో సర్వర్

లేని మిషన్లను ఉన్నట్టు నడిపించుడు నా నౌకరి. అట్లాంటోడు దయ్యాలను కూడా నమ్ముకుంట కూసుంటే పొద్దుగాల డ్యూటీకి పోగలడా? నేనెన్నడూ నమ్మలే. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది మాత్రం చెప్త.

కరీంనగర్‌ల మాది చిన్న డేటా సెంటర్. ఒక గది నిండా సర్వర్లు. ఒక్కో సర్వర్ లోపల, సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు నాలుగైదు కిరాయికి ఉంటయి. వాటినే వర్చువల్ మిషన్లంటరు. కొన్ని సర్వర్లల్ల ఒక్కరిద్దరే కిరాయిదార్లు, కరెంటు మాత్రం నిండు ఇంటికయినంత. అందుకే మొన్న వానకాలం, అందరినీ కొన్ని సర్వర్లల్లకు సర్ది, ఖాళీ అయినవాటిని ఆర్పమని నాకు చెప్పిండ్రు. ఇంట్ల బీరువా సర్దరాదు నాకు.

ఏడో సర్వర్‌ల ఒక్క మిషన్ మిగిలింది. ఏడాదిల ఎక్కువ రోజులు దానికి పనే ఉండదు. గోదావరి ఒడ్డున పెట్టిన పరికరం నుంచి నీటి మట్టం తీసుకుని, నీళ్లు పెరిగితే చెన్నూరు దిక్కు రైతులకు ఫోన్ చేస్తది. గొంతు మా ఆఫీసు స్వరూపక్కది. అంకెలు, మాటలు విడివిడిగా రికార్డు చేసి పెట్టినం, మిషన్ అతికించుకుని చెప్తది. ఆ రైతుల్ల మా మేనమామ ఒకడు. ఒడ్డు మీద పత్తిచేను, నీళ్లల్ల మోటరు.

మా దగ్గర దసరాకు ప్రతి సర్వర్‌కు బొట్టు పెడతం. ఈ సర్దుడు మొదలైనంక, ఖాళీ అయినదాని బొట్టు తుడవాలని మేమే అనుకున్నం. స్క్రీన్ మీద జాబితా ఉండంగ ఇదెందుకంటరా? ప్లగ్గు పీకేటప్పుడు జాబితా కనపడదు, బొట్టు కనపడుతది.

ఆ రోజు, గదులు ఊడ్చే రాజవ్వ దుమ్ము దులుపుకుంట తడిబట్టతోని ఏడోదాని బొట్టు కూడా తుడిచేసింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. నేను అన్నం తిని వచ్చి చూస్తే బొట్టు లేదు. అందుల మిగిలిన మిషన్‌ను స్వరూపక్క వేరే సర్వర్‌లకు సర్దేసిందనుకున్న. రెండింటికి ఆర్పి, వైరు పీకి చుట్ట చుట్టి పెట్టిన. నాలుగేండ్లు ఇంజనీరింగ్ చదివి, బొట్టు చూసి మిషన్ ఆపినోన్ని నేనొక్కన్నేనేమో.

ఐదింటికి మామ ఫోన్ చేసిండు. మూడింటికి మా దగ్గర్నుంచి ఫోనొచ్చిందట. ఉరికి మోటరు పైకి గుంజి, ఒడ్డున కట్టేసిన ఎడ్లను విప్పుకొచ్చిండట. ఆయన గట్టెక్కిన కాసేపటికే చేను మునిగింది.

"అల్లుడా, ఆ పిల్లకు నా పేరు మీద చాయ్ తాపియ్," అన్నడు. "పాపం, ఎక్కడికెల్లి ఉరికొచ్చిందో, ఆయాసపడుకుంటనే చెప్పింది."

నవ్వి ఫోన్ పెట్టేసిన. తర్వాత జాబితా చూస్తే ఆ మిషన్ పేరు ఏడో సర్వర్ కిందనే ఉంది, ఆగిపోయినట్టు ఎర్ర గుర్తుతోని. గదిలకు పోయిన. వైరు నేను చుట్టి పెట్టినట్టే ఉంది. ఆ ఫోన్ పోకపోయుంటే మామ ఆ చేన్లనే ఉండేటోడు.

వైరు పెట్టి లేపినం. మిషన్ తన పనులు రాసుకునే చిట్టాల చివరి వరుస రెండింటిది. ఫోన్ కంపెనీ వాళ్లను అడిగితే, మూడింటికి మా నంబరు నుంచే అందరికీ కాల్స్ పోయినయన్నరు.

ముందు పోయిన కాల్స్ ఎక్కడో ఇరుక్కుని ఆలస్యంగా చేరినయేమోనన్నది స్వరూపక్క. నాకూ ఆ మాట నచ్చింది, మామ విన్న అంకెను సరిచూసేదాక. అది ఒడ్డు మీది పరికరం మూడింటికి చూపిన మట్టం. రెండింటికి నీళ్లు దానికి మనిషి లోతు కిందనే ఉండె. ఆగిన మిషన్‌కు అది ఎట్ల తెలిసింది?

నువ్వేమన్న ఫోన్ చేసినవా అక్కా అని కూడా అడిగిన. మధ్యాహ్నమంతా నా ఎదురుగనే ఉన్నది ఆమె.

"కుర్సీల కూసున్నదానికి ఆయాసమెందుకస్తది తమ్మీ," అన్నది.

రికార్డింగులన్నీ పదిసార్లు విన్న. నిమ్మళంగ, నిద్రొచ్చేటట్టు చెప్తది. ఎక్కడా ఆయాసం లేదు.

ఏడో సర్వర్ ఇప్పటికీ ఆ ఒక్కదాని కోసమే నడుస్తున్నది. బొట్టు రాజవ్వనే పెట్టింది, ఈసారి తుడిచినా పోనంత పెద్దగ. నెలనెలా కరెంటు రిపోర్టుల, దాన్ని ఎందుకు ఆర్పలేదో కారణం రాయాలె. "తెలియదు" అని రాస్త. రిపోర్టు మొత్తంల నేను గట్టిగా చెప్పగలిగే మాట అదొక్కటే.