జెల్ల ముల్లు తూకం

“ముళ్లు ఇరిసి ఇస్త బిడ్డా, జెల్లతోటి ఆటలొద్దు,” అంది చేపలమ్మే అవ్వ.

“ఇరవకు. ఇరిస్తే తూకం తగ్గుతది,” అన్నాను నేను.

“గా ముల్లు ఎంత తూగుతదే?”

“ఎంతనో అంత. జొన్నలు మాయి గదా.”

ఆ రోజుల్లో సూర్యాపేటలో జొన్నలు పోస్తే చేపలు తూచి ఇచ్చేవారు. పిడికెడు ఎక్కువ పోయిందంటే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు (ఇప్పుడూ అంతే అనుకోండి). పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. నాకు పదిహేనేళ్లు, కాపురానికి వచ్చి నెల. అప్పటిదాకా పొయ్యి దగ్గరికి రానివ్వని మా అత్త, కోదాడ నుంచి తన తమ్ముడు వస్తున్నాడని మొదటిసారి వంట నాకు అప్పగించింది. “పులుసు కుదిరితే పొయ్యి నీది. లేకుంటే దసరా దాక బోళ్లు తోముడే,” అంది.

మొన్న మిర్యాలగూడలో మనవరాలి ఇంట్లో, గాజుతొట్టిలో నీలం చేపను చూశాక ఇదంతా గుర్తొచ్చింది. సర్జన్ చేప అంటారట. తోక మొదట్లో చిన్న కత్తిలాంటి ముల్లును ఒంట్లోకి మడిచి దాచుకుంటుందట. పెద్ద చేప మీదికొస్తే ముల్లు విప్పి, తోక విసిరి కోస్తుందట. “చెయ్యి పెట్టకు నాయనమ్మా,” అంది పిల్ల. పెడతానా? ఆ పాఠం నాకు ఎప్పుడో అయింది.

మా జెల్లకు కత్తులు మూడు: వీపున ఒకటి, చెంపల పక్కన రెండు. పట్టుకోబోతే నిలబెట్టి బిగిస్తుంది, ఇక వంగవు. ఇంటికి తెచ్చి నీళ్ల గోలెంలో వేసిన చేపను తీద్దామని చెయ్యి పెట్టగానే బొటనవేలిలో దింపింది. ఏడిస్తే పొయ్యి పోతుందని పెదవి కొరుక్కుని, ఈసారి కొంగు చుట్టి పట్టాను. ముల్లు కొంగులో దిగి బిగుసుకుంది. లాగితే మా అమ్మ పెట్టిన నేతచీర చిరుగుతుంది. నేను వదిలినా చేప వదలడం లేదు. కొట్టుకుంటున్న జెల్లను కొంగుకు వేలాడేసుకుని వసారాలోకి నడిచాను.

“ఏంటమ్మాయ్, కూర కొంగున కట్టుకొచ్చావ్?” అన్నాడు కోదాడ మామ.

“ముల్లు ఇరవకనే తెచ్చినవా?” అంది అత్త.

“తూకం తగ్గుతదని...”

మామ నవ్వి నవ్వి, సంచిలోంచి అడకత్తెర తీసి, వక్కను కత్తిరించినట్టు ముల్లును పుటుక్కుమనిపించాడు. చీరకు చిల్లు మిగిలింది (చీర ఇంకా నా పెట్టెలో ఉంది, చిల్లుతో సహా). ఉబ్బిన చేతిని అత్త వేడినీళ్లలో ముంచి ఉంచింది. ఎడమ చేత్తో గరిటె తిప్పి నేను కాచిన పులుసును మామ రెండుసార్లు పోయించుకున్నాడు. పొయ్యి సంగతి అత్త ఎత్తలేదు, నేనూ అడగలేదు. అంత నొప్పిలోనూ నా దిగులు పొయ్యి గురించే. ఆ పదిహేనేళ్ల పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

మరునాడు పొద్దున చేపల అవ్వ మళ్లీ వచ్చింది. అత్త పొయ్యి వైపు రాలేదు. జొన్నల చాట నా చేతిలో పెట్టి, “నువ్వే సూస్కో,” అని గడపలో కూర్చుంది. నేను వెళ్లి ముళ్లు విరిచి ఇమ్మన్నాను. విరిచాక, మళ్లీ తూచమన్నాను.