కొక్కేనికి జరిగిన అన్యాయం

పోయిన శుక్రవారం పొద్దున పెనుకొండలో ఘోరమైన అన్యాయం జరిగింది. ఎవరికంటారా? కిందపడిన నాకు కాదు. నాతోపాటు పడి పగిలిన గుమ్మడికాయకూ కాదు. నేను నా చేతులతో చేసిన ఇనుప కొక్కేనికి! ఏ పాపమూ ఎరగనిదాన్ని పట్టుకుని, వచ్చిన చుట్టాలంతా "వంగిపోయింది, వంగిపోయింది" అని నింద వేశారు. ఆ నింద ఎట్లా మాపానో, మాపినందుకు నాకేం మిగిలిందో చెబుతాను. నన్ను చూసి నవ్వండి, పర్వాలేదు. కొక్కేన్ని మాత్రం ఏమీ అనకండి.

హిందూపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను కొలిమి పెట్టుకున్నాను. అవును, కొలిమే. పక్కింటావిడ మిద్దె మీద టమేటా మొక్కలు పెంచితే హాబీ, నేను ఇనుము కాలిస్తే పిచ్చి! ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత నాకు చదువు చెప్పినవి లైబ్రరీ పుస్తకాలే. లోహాల మీద ఒక పాత పుస్తకం దొరికితే అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఫోన్లో వీడియోలు చూశాను. లారీ బ్రేకు డ్రమ్ము పొయ్యి అయింది, దానికో చిన్న బ్లోయర్ తగిలించాను, పాత ఇనుప సామాన్ల అంగట్లో దొరికిన బరువైన దిమ్మె, కాలిన ఇనుము పెట్టి కొట్టడానికి, నాకు దాగలి అయింది. ధర్మవరంలో మగ్గం నేసే నాయనకు పుట్టిన బిడ్డను. చేతులు ఊరికే ఉండమంటే యాడుంటాయి?

మా ఆయనకేమో ఆ షెడ్డు మీదే కన్ను. కొత్త బండి ఆడ పెట్టుకోవాలని.

ఇంతలో వదిన, అంటే మా ఆయన అక్క, పెనుకొండలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం నాడు గుమ్మం ముందర దిష్టికి బూడిద గుమ్మడికాయ వేలాడదీస్తారు కదా, దానికి కొక్కెం నేనే చేసి తెస్తానని మాటిచ్చేశాను. మా ఆయన సందు చూసుకున్నాడు.

"సరే. ఆ కొక్కెం నిలిస్తే నీ కొలిమి నిలుస్తాది. వంగిందంటే షెడ్డు నాది."

"రాసిమ్మంటావా?"

"వద్దులే. నీ నోటి ముందర కాగితం యాడ నిలుస్తాది!"

వదిన ఇల్లు కట్టగా మిగిలిన కడ్డీ ముక్కలే అడిగి తెచ్చుకున్నాను. మొదటి ముక్కను ఎక్కువసేపు కాల్చాను. కాకరపువ్వొత్తిలా చిటపటమని నిప్పురవ్వలు! ఎంత ముచ్చటగా ఉండిందో! బయటికి తీస్తే కొస మొత్తం ఎలుక కొరికిన కొబ్బరి చిప్పలా ఉంది. రవ్వలు వచ్చాయంటే ఇనుము మాడిపోయినట్టే అని పుస్తకంలో ఉంది. తర్వాతి పేజీలో! ఇంకో ముక్కను ఎరుపు పోయి చల్లారినా వదలకుండా కొట్టి కొట్టి విరగ్గొట్టాను. ఆ పైన బుద్ధొచ్చింది. నారింజ రంగు తిరగ్గానే తీసి, నాలుగు దెబ్బలు వేసి, మళ్ళీ కొలిమిలో పెట్టి, మెల్లగా వంచి, నడుమ జంతికలా మెలిక తిప్పాను. వేడి మీదే నూనె గుడ్డతో తుడిస్తే నల్లగా నిగనిగలాడింది. నా దిష్టే తగులుతుందేమోనని భయపడ్డాను.

శుక్రవారం నాయన నేసిన పట్టుచీర కట్టుకుని, కొక్కేన్ని పసుపు కుంకుమల సంచిలో పెట్టుకుని పెనుకొండకు పోయాను. వరండా స్లాబుకు మేస్త్రీ ఒక ఇనుప రింగు బిగించి పెట్టాడు. స్టూలెక్కి, రింగుకు కొక్కెం, కొక్కేనికి ఉట్టి, ఉట్టిలో గుమ్మడికాయ. చుట్టాలంతా తలలెత్తి చూస్తున్నారు. నేను వదులుతానా? స్టూలు మీదే నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇనుములో కార్బన్ ఎంతుంటే ఏమవుతుంది, వంపులో బలం ఎక్కడుంటుంది! మేస్త్రీ కింద నుంచి "అమ్మా, ఆ రింగు..." అని ఏదో అనబోయాడు.

"నువ్వాగప్పా! నేను కార్బన్ సంగతి చెప్తాండా!"

వదిన భర్త చింతపండు వ్యాపారి. నాకు వరసకు అన్న. ఆయన మెడ పైకెత్తి కొక్కేన్ని పరకాయించి చూశాడు.

"ఏమ్మా, ఇది గుమ్మడికాయకు చేసిందా, గుమ్మడి పువ్వుకు చేసిందా? అంగట్లో తళతళలాడే స్టీలుది దొరుకుతాది గదమ్మా!"

"అన్నా, అంగడిది వేలు పెట్టి లాగితే సాగుతాది. దీనికి నేను వేలాడినా వంగదు!"

"ఊరికే మాటలు!" వెనక నుంచి మా ఆయన.

అంతే. కొంగు నడుముకు చెక్కాను. రెండు చేతులా కొక్కేన్ని పట్టుకుని స్టూలు మీంచి కాళ్ళు తీసేశాను.

ఒక్క క్షణం గాల్లో ఉన్నాను. అబ్బ, ఆ గర్వం! మరుక్షణం దబ్బున నేల మీద ఉన్నాను. సరిగ్గా నేల మీదంటే అబద్ధం. గుమ్మడికాయ మీద.

"అయ్యో, కొక్కెం వంగిపోయింది!" అని ఎవరో అరిచారు. అందరూ అందుకున్నారు. వదిన ముఖం తెల్లబోయింది, గృహప్రవేశం నాడు ఇదేం అపశకునమని. మా అత్త మాత్రం చెక్కుచెదరలేదు. "ఏడుస్తావెందుకే? దిష్టికాయ గడప ముందర పగలాల్సిందే గదా! మామూలుగా మగోళ్ళు కొడతారు, ఈసారి నా కోడలు కొట్టింది. ఇంగొకటి తెచ్చి కట్టండి!" అంది. ఆమె నోట ఇంత చల్లని మాట ఎప్పుడూ వినలేదు.

మా ఆయన అప్పటికే "షెడ్డు తాళంచెవి యాడ పెట్టినావు?" అంటున్నాడు. నేల మీద పడినదాన్ని లేపాలన్న జ్ఞానం లేదు!

గుజ్జులోంచి చేయి పైకెత్తి పిడికిలి విప్పాను. కొక్కెం! జంతిక మెలిక జంతిక మెలిక లాగే ఉంది. దాని పైన రింగు, రింగుతో పాటు కొబ్బరికాయంత సిమెంటు ముద్ద.

మేస్త్రీ తల పట్టుకున్నాడు. "నిన్న పొద్దుగుంకేటప్పుడు పెట్టిన రింగమ్మా అది! ఇంగా పచ్చిగా ఉండాది, కాయ మటుకు కట్టండి, గట్టిగా లాగొద్దండి అని చెప్పబోతాంటే కార్బనూ కార్బనూ అంటివి!"

"విన్నారా? తప్పు సిమెంటుది!" అన్నాను.

"సిమెంటు ముందే ఊడిపాయె. ఇంక కొక్కెం మోసిందని గ్యారంటీ ఏముండాది?" మా ఆయన లాయరు చదవాల్సిన మనిషి.

నాకు తిక్క రేగింది. పక్కనే అన్న చింతపండు గోడౌను ఉంది. దాని ఇనుప దూలానికి మూటలు తూచే డిజిటల్ కాటా వేలాడుతూ ఉంటుంది. "గ్యారంటీ కావాల్నా? రండి! ఆ కాటాకు తగిలించి వేలాడతా. ఆ దూలమైతే పచ్చిది కాదు గదా!"

గృహప్రవేశం మొత్తం నా వెనక గోడౌనుకు నడిచింది. కాటాకు నా కొక్కెం తగిలించాను. చింతపండు మూట మీదెక్కి పట్టుకుని, కాళ్ళు మడిచాను. ఊగాను. కావాలనే ఇంకా గట్టిగా ఊగాను. కొక్కెం వెంట్రుకవాసి కదల్లేదు! "చూడండి! కళ్ళు విప్పి చూడండి!" అని అరిచాను.

చూశారు. కొక్కేన్ని కాదు. పైన ఎర్రగా వెలిగిన అంకెల్ని.

కాటా అంటే గట్టి దూలమని తోచిందే తప్ప, అది బరువు చూపించే వస్తువని నాకు గాల్లో ఉండగా గుర్తొచ్చింది! మండీలో తూకం వేస్తే అమ్మేవాడికీ కొనేవాడికీ వినబడేలా గట్టిగా పాడతారు. అన్న ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? గోడౌను అదిరేలా పాడాడు:

"డెబ్బై తొమ్మిదీ... నాలుగు వందలూ!"

మా ఆయన నోరు తెరిచాడు. "అరవై రెండంటివే!"

అన్న నాలుక కరుచుకున్నాడు. పాపం, మంచి మనిషి. "తరుగు తీస్తాలేమ్మా. పట్టుచీరకు ఒక కిలో. గుమ్మడి గుజ్జు అంటుకుని ఉండాది, దానికింత..."

"అట్లయితే కొక్కెం మోసింది డెబ్బై ఎనిమిదే!" అన్నాడు మా ఆయన వెంటనే.

చూశారా మనిషి బుద్ధి! నా బరువు తగ్గించి నా కొక్కెం బలం తగ్గిస్తాడా? అక్కడే వేలాడుతూ అరిచాను: "తరుగూ లేదు, గిరుగూ లేదు! కాటా ఎంత చూపిస్తే అంతా మోసింది. ఒక్క గ్రాము తగ్గిస్తే దిగను!"

గోడౌనంతా చప్పట్లు. దిగాను, గెలిచి దిగాను. షెడ్డు తాళంచెవి నా బొడ్లోనే ఉంది, మా ఆయన బండి వానకు బయట తడుస్తోంది. అన్న తన కాటాకు ఇంకో కొక్కెం కావాలన్నాడు.

వరండాలో రింగు గట్టిగా బిగిసింది. కొత్త గుమ్మడికాయ నా కొక్కేనికే వేలాడుతోంది. దాని పక్కన గోడ మీద, లిఫ్టులో రాస్తారే అట్లా, మేస్త్రీ ఎర్ర రంగుతో రాశాడు. పెనుకొండలో ఆ వీధిన పోయేవాళ్ళంతా చదువుకుంటున్నారు. రాయమన్నది నేనే, ఎవరిని తిట్టను?

"పరీక్షించిన బరువు: 79 కిలోల 400 గ్రాములు. తరుగు తీయలేదు."